దోసకాయల అట్ట మీద వఫ్రా

ఓబులేసూ, ఫోన్లో దారి చూసేది ఆపెయ్.
అది నిన్ను ముళ్ళకంచె దాకా తీసుకపోయి
చేరుకున్నారు అంటాది.
ఈ అట్ట తీసుకో. కీరదోసకాయల పెట్టెది.
ఎనిమిదేండ్లు తీపినీళ్ళ ట్యాంకరు తోలి
పెన్ను ఎండిపోయిన చోటల్లా బొగ్గుతో గీసినా.

దీంట్లో పైన ఉండేది ఉత్తరం కాదు,
నీళ్ళు పట్టుకునే స్టేషను.
తెల్లారుజామున మూడింటికే వరస.
మన దినం మొదలయ్యేది ఆడే గదా,
అందుకే దాన్ని నెత్తి మీద పెట్టినా.

ఈ పొడుగు గీత తారు రోడ్డు.
కుడిపక్క ప్లాస్టిక్ పందిళ్ళు, బంగ్లావాళ్ళవి.
వాళ్ళవంటే, కాగితం ఇంకొకరిది,
చెమట వాళ్ళది.
మూడో గేటు కాడ తొఫజ్జల్ ఉంటాడు.
వాళ్ళ ఊరిని ఏరు మింగేసిందంట.
ఈడ బిందెడు నీళ్ళకు లెక్క రాస్తాడు.
పైపు విదిలించి ఆఖరి చుక్క గుడక పోసి రా,
చూస్తాంటాడు.

ఎడమపక్క ఈజిప్టోళ్ళ టమేటాలు.
షహాతా మన్నును నాలికతో చూస్తాడు.
చిటికెడు నోట్లో ఏసుకొని
ఈ యేడు పండుతాదో లేదో చెప్తాడు.
ముప్పయ్యారో నంబరు తోటలో ఉమ్మేసినాడు.
మరుసటేడుకు బావి ఉప్పు తేలింది.
ఖర్జూరం చెట్లు నిలబడే ఉండాయి, మనుషులే లేరు.
దాన్ని కొట్టేయలేదు నేను, సున్న చుట్టినా.
సున్న అంటే, ఆడ హారన్ కొట్టొద్దని.

ఈ చుక్క కుంజుమొయ్దీన్ బకాలా.
ఆరు భాషల అప్పులు
ఒక్క మలయాళంలో రాసుకుంటాడు.
నా పేరు ఏనాడూ అడగలే.
'వెళ్ళం' అని రాసినాడంట, నీళ్ళని.
రేపట్నించి నువ్వు సిగరెట్లు తెచ్చుకున్నా
ఆ పేజీలోనే పడతాది,
బాకీ పదకొండు దినార్లు నాది,
మిగిలింది చూసుకో.

చలికాలం వస్తే గురువారం రాత్రులు
షేకుల పిల్లలు ఈత తొట్లు నింపమంటారు,
ఒక్కో తొట్టికి మూడు ట్యాంకర్లు.
ఆ రోజు తొఫజ్జల్‌కు మొహం చూపించలేం,
చుట్టు దారిన పో, ఇదిగో, చుక్కల గీత.
పచ్చ గేటు మజ్రాలో వంట చేసేది రాయచోటి ఖైరూన్.
గోడ మీద మిరపతొక్కు డబ్బా పెడతాది.
పలకరించొద్దు.
మన యాస చెవిన పడితే
ఆ దినం కూరలో ఉప్పు తప్పుతాదంట.

కింద ఈ మరక నూనె బావుల మంట.
దాన్నే చూసుకుంటా పోయినావంటే సరిహద్దు,
ఎనక్కి తిరిగి పోలీసుకు అరబ్బీలో ఏం చెప్తావు?

తిజానీని గీయబోతే చెయ్యి పట్టుకున్నాడు.
ఒంటెలు యాడుంటే నేనాడ,
పెన్సిల్తో గీయి, అన్నాడు.
మూడు చోట్ల చెరిపిన మచ్చ కనపడతాందే,
అదే సూడాన్ ఆయన అడ్రసు.
మజ్జిగ పోస్తాడు. వద్దనకు.

మర్చిపోయినా,
ఎనక వాల్వు కారతాది. బాగు చేయించొద్దు.
సున్న దాటినాక మలుపులో
బండి అర నిమిషం ఆపు.
ఆ తడి కోసం కాచుకొని ఉండే పిట్టలుండాయి.
వాటిని ఏమంటారో
బకాలాలో అడిగినా, ఎవరికీ తెలీదు.
అట్ట మీద గుడక చోటు చాలలే.