పోపుకు ముందు ఒక గంటె

పొద్దుగాల మూడు గొట్టంగ
షార్జా సజ్జాల మా క్యాంపు వంటర్ర లేస్తది.
పదహారు పొయ్యిలు, నలభై మంది.
ఒకని కుక్కర్ కూతకు ఇంకొకని కల తెగుతది.
ఉల్లిగడ్డ కోసేటోని కండ్లల్ల నీళ్లు జూసి
ఏమైందని ఎవ్వలూ అడుగరు.

నేను మాత్రం
పోయిన రంజాన్ సంది ఉల్లిగడ్డ ముడుతలేను,
ఎల్లిగడ్డ ముడుతలేను.
ఐతారం ఐతారం కార్నిష్ కాడ గడ్డిల చాప పరిచి
ఊపిరి పీల్చుడు నేర్పే పరాంకుశం సారు జెప్పిండు:
"కడుపును నాలుగు పాళ్లు జెయ్యి రాజలింగూ.
రెండు పాళ్లు తిండి, ఒక పాలు నీళ్లు,
ఒక పాలు ఉత్తగుంచు, గాలి తిరుగనీకి."

నాకు నవ్వచ్చింది.
రెండు నెలల సంది జేబే ఉత్తగున్నది సారూ,
ఇగ కడుపు సుతనా?

నా కొలువు టవర్ క్రేన్ మీద.
నలభై ఒకటో అంతస్తు పైన
ఒక్క మనిషి పట్టేంత అద్దాల డబ్బ.
ఎక్కుడు ముప్పావుగంట,
దిగుడు పొద్దుమీకినంకనే.
ఆడ, ఒకటికి సీసా. రెంటికి ఓపిక.
శాస్త్రం జెప్పకముందే
నా పేగులు మితం నేర్సుకున్నయి.

సారు ఇంకొకటి సుత జెప్పిండు.
వండినంక జాము దాటిన బువ్వ తామసమట,
తింటే మబ్బు ఎక్కుతదట.
నేనైతే రోజూ మబ్బు మీదికే ఎక్కుత,
చలికాలం మంచుల
షార్జా మొత్తం నా కాళ్ల కింద పాలగిన్నె.

మూడింటికి కట్టిన డబ్బను
పన్నెండున్నరకు ఇప్పుత.
లెక్క గట్టిన. మూడు జాములు, మీదికెల్లి అరగంట.
ఫోన్ల అడిగిన, మరెట్ల సారూ అని.
అటుదిక్కు శానసేపు సప్పుడు లేదు.
ఆయన సుత పొద్దంత బ్యాంకుల లెక్కలు రాసేటాయన,
డబ్బ మోసుకపోయేటాయనే.
"రుషులకు డ్యూటీలు లేవు బిడ్డా" అన్నడు.

ఒకపారి పెద్ద మాల్ల జూసిన,
గాజు బుడ్డిల, తేనెల ముంచిన బాదాం.
మీద పద్మాసనమేసిన మనిషి బొమ్మ.
ధర, నా రెండు దినాల కూలి.
ఆ మనిషి నా దిక్కు జూడలే,
కండ్లు మూసుకొనే ఉన్నడు.

మా అర్రల ఆరుగురం, మెస్సు ఒక్కటే.
ఉల్లిగడ్డ తిననన్ననాడు పంచాయతి అయింది.
"పంతులువైనావుర?" అన్నడు బక్కయ్య.
"ఐతే అయినవ్ గని, నీ వంతు పైసలు తగ్గియ్యం."
వండేటోడు గంగమల్లు. వాడేం అనలే.
అనకపోవుడంటే గా ఒక్క ముచ్చటల్నే.
వండినంతసేపు నోరు ఆగది వానికి.
కంపెనోన్ని తిడతడు, ఏజెంటును తిడతడు,
బియ్యంల రాయిని, అయిపోయిన గ్యాసును,
పాస్‌పోర్టుల తన ఫోటోను సుత తిడతడు.

వండేటోని మనసు మెతుకులల్లకు దిగుతదని సారు మాట.
గట్ల దిగితే
నా డబ్బ మూత పడుతదా!

కని నిన్న మూడింటికి
నీళ్లకని పోయి తలుపు కాడ నిలవడ్డ.
పప్పు ఉడికింది. కడాయిల నూనె కాగుతున్నది.
దంచిన ఎల్లిగడ్డ పక్కకున్నది.
తిట్టు నోట్లె ఉన్నది, గంటె చేతుల ఉన్నది.
పోపు వెయ్యకముందు
ఒక గంటె పప్పు తీసి నా డబ్బల వోసిండు.
మూత వెట్టి,
దాని మీద రెండు వేళ్లతోని మెల్లగ తట్టిండు,
పండుకునే పిల్లను తట్టినట్టు.
అటెన్క ఛుయ్యిమన్నది పోపు.
తిట్టును ఆపిన కాడికెల్లే మళ్ల అందుకున్నడు.

ఇయ్యాల పన్నెండున్నరకు మూత తీసిన.
సల్లగైంది.
కిందికెల్లి గుల్ జమాన్ వాకీటాకీల అడుగుతున్నడు,
"ఉస్తాద్, ఖానా ఖాయా?"
ఖాయా అన్న.
రెండు పాళ్లు తిన్న, ఒక పాలు నీళ్లు తాగిన.
నాలుగో పాలు ఉంచిన గాలికోసమని.
గాలి డబ్బను ఊపుతున్నది,
అద్దం మీద ఇసుక గీకుతున్నది.

పప్పుల ఉప్పు మరిచిండు.
పొద్దుమీకి పోయినంక చెప్పాలె.
తిడతడు.