చిలుము

ఏడు నెలలుగా నా ఎడమ చెవిలో పాట లేదు.
వైరు మెడ దగ్గర పట్టుకుని, కాస్త పైకి వంచి,
ఊపిరి బిగబట్టి కూర్చుంటే
ఒక్క నిమిషం తంబూరా
తలుపు సందులోంచి తొంగిచూసి పోయేది.

పోర్టు గేటు దగ్గర కాటా గుమాస్తాను.
లారీ ఎక్కితే పది కేజీల తేడా చెబుతాను,
డ్రైవరు దిగాడో లేదో కూడా.
పగలంతా హారన్లు. బొగ్గు. రశీదులు.
రాత్రి కంచరపాలెం అద్దె గదిలో
ఎవరో వాడి అమ్మిన హెడ్‌ఫోను ఒక్కటే నా సొంతిల్లు.
ఆ ఇంటికి ఇప్పుడొక గోడ లేదు.

వెండి పూత వైరు, ఎనిమిది పాయలది,
నాలుగు వేల ఎనిమిది వందలు.
హెడ్‌ఫోను కొన్నదే మూడు వేలకి.
గేదె కన్నా పలుపు ఖరీదు.
అయినా ఆశ కదా,
వెండిలోంచి వస్తే వయొలిన్ తడితడిగా ఉంటుందని
విన్నవాళ్ళు చెప్పగా విని
మూడు నెలలు సాయంత్రం బస్సెక్కకుండా
కాన్వెంట్ జంక్షన్ మీదుగా నడిచాను.
చెప్పులు అరిగాయి. ఆ లెక్క రాసుకోలేదు.
పోగైంది పదకొండు వందల నలభై.

అల్లిపురంలో మెట్ల కింద దేముడమ్మ దుకాణం.
ఒకప్పుడు మోటార్లకి కాయిల్ చుట్టిన చేతులు,
ఇప్పుడు మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు,
ఎవరో పిల్లాడి రిమోటు కారు.
నేను వెండి అన్నాను.
ఆమె నుదుటి మీది కళ్ళద్దాలు దించి
వైరు గుచ్చే రంధ్రంలోకి చూసింది.
"వెండి సంగతి తరవాత గానీ బాబూ,
ఇదేటి, ఇంత చిలుం పట్టిపోనాది?"

సముద్రం ఈ ఊళ్ళో దేన్నీ ఊరికే వదలదు.
కిటికీ ఊచలు, సైకిల్ గొలుసులు, గేటు తాళాలు,
నా కాటా కింద ఇనప పలకని కూడా
ఏటా కాస్త కొరుకుతుంది.
అంత పెద్ద నోరు
ఈ గింజంత సాకెట్లో ఎలా దూరిందో,
పాత చెంబు అడుగులా పచ్చగా
సగం పాట నాకేసి కూర్చుంది.

అగ్గిపుల్లకి దూది చుట్టి, స్పిరిట్లో ముంచి
తోమింది. మళ్ళీ తోమింది.
నేనింకా వైరు వైరు అంటుంటే
బల్ల కిందనుంచి రాగి తీగలు లాగింది,
ఏదో ఓడ విప్పినప్పుడు మిగిలిన టెలిఫోను కేబులట.
నాలుగు పోగులు, నాలుగు రంగులు,
కొస పంటికింద నొక్కి జడ అల్లడం మొదలెట్టింది.
ఎనిమిది పాయలు కుదరదా అన్నాను.
"నాలుగు సాల్లే. ఎనిమిదల్లితే
నా మెడ పట్టేస్తాది, నీ జేబు కరిగిపోతాది."
పొగ లేచింది. సీసం కరిగి
తీగ కొసన చిన్న బొట్టు మెరిసింది.
"అదిగో నీ వెండి" అని నవ్వింది.

అక్కడే, ఆ స్టూలు మీదే విన్నాను.
తంబూరా తలుపు తోసుకుని వచ్చి
చెప్పులు విప్పి, ఎడమ పక్కన కూర్చుంది.
పాటకి ముందు ఎవరో గొంతు సవరించుకున్నారు,
ఎవరో కుర్చీ జరిపారు.
ఏడు నెలలూ వాళ్ళక్కడే ఉన్నారన్నమాట.

కొత్త వైరు మహిమ అన్నాను.
ఆమె ఒప్పుకోలేదు. కళ్ళు మూసుకోమంది.
పాతదోసారి, కొత్తదోసారి గుచ్చి
ఏది ఏదో చెప్పమంది.
ఆరుసార్లు. మూడు తప్పు.
పది కేజీలకి కదిలే నా ముల్లు
రెండు రాగి తీగల మధ్య ఊరికే నిలబడింది.

"మరి ఇది ఉంచీయనా?"
వద్దు, ఇచ్చేయమన్నాను. ఎందుకో తెలీదు.
చిలుముకి ఇరవై, జడకి నూట ఎనభై.
చెప్పుల దుకాణం ముందు కాసేపు నిలబడి
బస్సెక్కాను.

పక్క సీటు కుర్రాడు వైరు వేలితో తాకి
బాగుంది, ఎంత పడిందన్నాడు.
నాలుగు వేల ఎనిమిది వందలు అన్నాను,
కాళ్ళు సీటు కిందికి లాక్కుంటూ.