అరువు నెత్తురు

మా జూలూ కొండల్లో
కుక్కకి పేరు పెట్టడమంటే
పక్కింటికి ఉత్తరం రాయడమే.
మొహాన అనలేని మాటను
కుక్కను పిలిచే వంకతో కంచె దాటిస్తాం.

మా నాన్న మండ్లకాయిసే పెట్టిన పేరు బజోతీని.
ఇప్పుడేమంటారో చూద్దాం, అని.
కంచె అవతల మాహడేబే
తన కుక్కను గొంతెత్తి పిలిచేది: బయేకే!
వదిలెయ్ వాళ్ళని, అని.

తొమ్మిదేళ్ళు.
ఒక మేక, పదకొండు గుమ్మడి తీగలు,
అంతే ఆ పగకు పెట్టుబడి.
పొద్దు గూకితే చాలు,
రెండు కుక్కల్ని కూటికి పిలుస్తూ
రెండు గొంతులు తిట్టుకునేవి.

మార్చిలో, వానలు వెనకబడుతున్న వారం,
బజోతీని మంచం కిందనుంచి రాలేదు.
పిలిస్తే తోక మాత్రం రెండుసార్లు నేలను తట్టింది,
అప్పుకి వాయిదా అడిగేవాడిలా.
పెదవి ఎత్తి చూశాను,
చిగుళ్ళు సబ్బుముక్క తెలుపు.
పెరట్లో అది ఒంటికి పోసిన చోట
ఎర్ర టీ ఒలికినట్టు మరక.

చెవి మడతలో దొరికింది పిడుదు,
బూడిద రంగులో, ఉబ్బి, తీరిగ్గా,
శనగగింజంత.
నాన్న కిరోసిన్ సీసా అందుకుంటే చెయ్యి పట్టుకున్నాను.
పట్టకారుతో తల దగ్గర ఒడిసిపట్టి
మెల్లగా, నిటారుగా లాగాను.
కాళ్ళాడిస్తూనే ఉంది, సిగ్గులేనిది.

నోంగోమాలో డాక్టర్ మ్సోమీ
సూది వేసి, గాజుపలక మీద చుక్క చూసి,
కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టింది.
"మందు పురుగును చంపుతుంది.
పోయిన నెత్తురు తెచ్చివ్వదు.
పెద్ద కుక్క కావాలి, జబ్బు లేనిది,
ఇరవై అయిదు కిలోలు దాటినది.
ఈ రాత్రికే."

తిరుగుదారంతా నాన్న మాట్లాడలేదు.
లోయ మొత్తంలో అలాంటి కుక్క
ఎవరింట ఉందో ఇద్దరికీ తెలుసు.

కంచె దగ్గర బండి ఆపాను.
హెడ్‌లైట్ల వెలుగులో నాన్న టోపీ తీసి నిలబడ్డాడు.
ఏమని పిలవాలి?
అమ్మా అనాలా, హడేబేల ఆడపడుచా అనాలా,
తొమ్మిదేళ్ళుగా వాడని మాటలన్నీ తుప్పు పట్టాయి.
చివరికి గొంతు సవరించుకుని
ఆమె కుక్కను పిలిచాడు.

"బయేకే!"
ఒకసారి. మళ్ళీ, ఇంకొంచెం మెత్తగా.

కుక్కే ముందొచ్చింది.
దాని వెనక లాంతరు,
లాంతరు వెనక దుప్పటి కప్పుకున్న మాహడేబే.
ఆమె ఏం విన్నదో నాకు తెలీదు.
"చెప్పులేసుకుని వస్తాను" అంది.

మెడ దగ్గర బొచ్చు గొరిగితే
బయేకే ఒక్కసారి మూలిగింది.
ఆమె దాని రెండు చెవులూ మూసి
ఏదో ప్రార్థన గొణిగింది,
మధ్యలో ఆపి, గుమ్మడికాయల లెక్క
నాన్నకి గుర్తు చేసి,
మళ్ళీ అందుకుంది.
సంచి నిండింది.
చుక్క తరవాత చుక్క
బజోతీని ముంగాల్లోకి దిగుతుంటే
ముగ్గురం ఆ గొట్టాన్నే చూస్తూ కూర్చున్నాం,
పొయ్యి మీద పాలు చూసినట్టు.

తెల్లారి లేచి పరిగెత్తిందనుకునేరు,
లేదు.
మూడు వారాలు.
ఉడికించిన కాలేయం వేలితో తినిపించాలి,
అందులో సగం, అడక్కముందే, కంచె అవతలికి.
జొన్నపిండి ముద్దలో మాత్ర దాచితే
ముద్ద మింగి మాత్రను
నా పాదం పక్కన పెట్టేది, మర్యాదగా.
ఒక రాత్రి మళ్ళీ జ్వరం,
మళ్ళీ నలభై కిలోమీటర్లు.

రోజూ పెదవి ఎత్తి చూడటం నా పని.
సబ్బు తెలుపు, పాలమీగడ తెలుపు,
తరవాత, సందేహంగా, ఒక లేత ఛాయ.
పదిహేనో రోజున
చీల్చిన జామపండు.
సాయంత్రాలు నాన్న కాలివేళ్ళ సందుల్లో,
తోక మొదట్లో వేళ్ళతో వెతుకుతాడు.
ఇంతకు ముందు ఆ చేతులు దాన్ని
ఇంతసేపు తాకడం చూళ్ళేదు.

ఇరవై రెండోనాడు బజోతీని
వణికే కాళ్ళ మీద కంచె దాకా నడిచి,
అవతల పడుకున్న బయేకేని చూసి
మొరిగింది, గొంతు చీలిపోయేలా.

"విశ్వాసం లేని కుక్క" అన్నాడు నాన్న.
"బాగైనట్టే" అంది మాహడేబే,
తల తిప్పకుండానే.
ఆమె తీగల్లో అప్పటికే
మా మేక.