గాలి చెమట

కొత్తపేట సందులో, ఆసుపత్రి వెనక గోడకి
మూడడుగుల ఎడం వదిలి నిలబెట్టారు దాన్ని.
అంత చోటు దండగ కాదా అన్నాడు మేస్త్రీ.
ఊపిరాడాలి గదా అన్నాను.

గుంటూర్లో నీళ్లు కాచే మిషనా!
టీ బంకు రోశయ్య నవ్వి నవ్వి గ్లాసు ఒలకబోసుకున్నాడు.
మే నెల్లో కుళాయి తిప్పితే చెయ్యి కాలే ఊళ్లో
ఎవడు కొన్నాడయ్యా ఈ పొయ్యిని?

పొయ్యి కాదు రోశయ్యా.
పొయ్యి వేడిని పుట్టిస్తుంది.
ఇది పుట్టించదు, ఊరికే పడున్నదాన్ని పోగేసుకొస్తుంది,
కోసిన చేలో పరిగె ఏరినట్టు.
ఈ చలిగాలిలో ఏముందంటావా,
ఏరేవాళ్లకి ఉంటుంది.

డిసెంబరు. తెల్లారుజాము నాలుగున్నర.
ఫజర్ అజాకి ఇంకా ముప్పావు గంట.
ముందు నీళ్ల పంపు, తర్వాతే ఇది.
నీళ్లు కదలకుండా లేపితే అలుగుతుంది,
తెర మీద మూడు ఎర్ర అక్షరాలేసుకుని కూర్చుంటుంది.
జల్లెడ కడిగాను:
వెంట్రుకలు, ఒక బొట్టుబిళ్ల, ఎవరిదో కట్టు ఊడిన పట్టీ.
గేజీ ముల్లు కదిలాక మీట నొక్కాను.
మొదట ఫ్యాను.
మూడు నిమిషాలాగి, లోపల
కంప్రెసరు గొంతు సవరించుకుంది.

రాత్రంతా పట్టా కప్పి ఉంచినా రెండు డిగ్రీలు జారాయి నీళ్లు.
ముప్పై రెండు. కావాల్సింది ముప్పై నాలుగు.
డిగ్రీకి గంటన్నర.
నలభై పెట్టండి, తొందరగా కాగుతాయి, అంటుంది హైమ మేడం.
నలభై పెట్టినా నాలుగొందలు పెట్టినా
అది నడిచే నడక అదే మేడం.

నాగజ్యోతి సిస్టరు బకెట్టు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.
లీకు! కరీముల్లా గారూ, కింద మడుగు కట్టింది!
లీకు కాదమ్మా, గాలి చెమట.
ఒంట్లో ఉన్న కాస్త వేడీ లాగేసుకుంటుంటే
పాపం, చలిచెమటలు పట్టాయి దానికి.
నమ్మలేదు. వేలు ముంచి వాసన చూసింది.
క్లోరిన్ లేదు.
బకెట్టు అక్కడే పెట్టి వెళ్లింది.

పైన ఫ్యాను వదిలే ఊపిరి మంచులా తగులుతుంది.
మఫ్లరు బిగించుకుంటాను.
ఆ చలి నాకు తెలుసు, పందొమ్మిదేళ్లు తెలుసు.
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీ,
అమ్మోనియా ఘాటుకి రెప్పలు మండే ఇంజను రూం.
బయట నలభై నాలుగు, లోపల ఆరు.
మిరపకాయల్లోంచి వేడి తోడి
వీధిలో పారబోసేవాణ్ణి, రాత్రీ పగలూ.
అదంతా ఎవరి నెత్తిన పడిందో
ఏనాడూ అడగలేదు నన్నెవరూ. నేనూ అడగలేదు.
ఇదీ అదే మిషను.
మొహం అటు నుంచి ఇటు తిప్పారు, అంతే.

ఏడున్నరకి కడ్డీ పట్టుకుని మెట్లు దిగాడొకాయన.
ఒక్కో మెట్టుకీ ఒక్కో బూతు, పళ్ల కింద.
రెండు మోకాళ్లకీ కుట్ల గీతలు.
చీటీలో పేరు చూశాను: దేవసహాయం.
ముఠా దేవసహాయం!
ఐదో అంతస్తు దాకా బస్తా మోసినవాడు,
చెమటతో లోపలికి, వణుకుతో బయటికి,
మళ్లీ చెమటతో లోపలికి.
గుమ్మంలో క్షణం ఆగి ఎగశ్వాస తీస్తుంటే
ఇంజను రూంలోంచి నేను అరిచేవాణ్ణి,
తలుపెయ్యరా! చలంతా పోతోంది!

నడుం దాకా దిగాడు. గుండెల దాకా దిగాడు.
బూతులు ఆగిపోయాయి.
కళ్లు మూసుకుని ఒక కాలు ఎత్తాడు,
దానికి బరువు లేదని తెలిసి
రెండోదీ ఎత్తబోయి హైమ మేడం చేత తిట్లు తిన్నాడు.
థర్మామీటరు ముంచడానికి గుమ్మంలో నిలబడ్డాను,
వచ్చిన పని మర్చిపోయి.

కళ్లు తెరవలేదు. గొంతు మాత్రం నీళ్ల మీదుగా వచ్చింది.
"ఎంతుంది కరీముల్లా?"
ముప్పై నాలుగు, అన్నాను.
ఎప్పుడు గుర్తుపట్టాడో.

"అయితే తలుపెయ్యరా," అన్నాడు,
"వేడంతా పోతోంది."

వేశాను.
వెనక బకెట్టు సగం నిండింది.