ముందుకు జరగాలె

నల్లగొండ పెద్ద దవాఖాన్ల
మెట్ల కింది గది మాది.
రెండు ఇనుప కడ్డీలు, నీలం పరుపు,
అంచు పగిలిన నిలువుటద్దం,
ఫ్యాను తిరిగితే గోడకు కొట్టుకునే క్యాలెండరు.
జంగయ్య సారు మొదటిదినం చక్రాల కుర్చీల వచ్చి
ఆ కడ్డీల దిక్కు చూసిన చూపు
నాకు తెలిసిన చూపే.
బస్సుల పై కడ్డీని ఆయన ఎన్నడూ పట్టుకోలేదు.

ఇరవై ఎనిమిదేండ్లు
దేవరకొండ డిపో, పల్లెవెలుగు.
మలుపుల కాడ బస్సు ఒక దిక్కు ఒరిగితే
ఆయన ఇంకో దిక్కు ఒరిగి
వేళ్ళ సందున మడిచిన నోట్లతోని
మేకపిల్లను, కూరగాయల గంపను, కాలేజీ పిల్లలను దాటుకుంట
వెనుక సీటు దాక పోయి వచ్చేటోడు.
ఇప్పుడు నేల కదలదు.
కదలని నేల మీద నిలబడుడు
ఆయనకు కొత్త.

"కాలు కాదు బిడ్డా, తడిసిన వడ్ల బస్తా"
అంటది అలివేలమ్మ.
బరువు కాదమ్మా,
ఆ కాలికి కబురు అందుతలేదు.
తలకాయల ఎడమ దిక్కు నెత్తురు గడ్డకట్టి
తొవ్వ మూసుకపోయింది.
చుట్టు తిరిగి పోయే బాట ఇంకోటి పడాలె.
బాట పడాలంటే
నడిచిన చోటనే మళ్ళ నడువాలె,
గడ్డి చచ్చేదాక.

మోకాలు వంగదు.
కాలును కొడవలి తిప్పినట్టు పక్కనించి తిప్పి వేస్తడు.
మడమ ఆనకముందే బొటనవేలు నేలను గీస్తది.
కింద కూసోని పాదం పట్టుకోని చెప్త:
మడమ, మడమ, ముందుగాల మడమ.
లేచి నడిచేటప్పుడు
నడుముకు కట్టిన పట్టీ నా పిడికిట్ల ఉంటది.
ఆయన పడితే నేనూ పడాలె,
అది మా ఒప్పందం.

కుడిచెయ్యి ఎప్పుడూ ముడుచుకునే ఉంటది,
ఎవరికో ఇయ్యాల్సిన చిల్లర దాచినట్టు.
ఒక్కొక్క వేలు తెరుస్త.
లోపల చెమట.

మాట కూడా పోయింది.
నీళ్ళు కావాలన్నా "బా",
అలివేలమ్మను పిలవాలన్నా "బా",
కోపమొస్తే అదే "బా", గట్టిగ.

ఒక సంగతి ఆయనకు ఇంకా చెప్పలేదు.
ఇంటరు రెండో సంవత్సరం.
చందంపేట దిక్కు మా తండా నుంచి పొద్దుటి బస్సు.
నా పాసు తారీకు ఒక్కరోజు దాటింది.
ఆయన పాసును వెలుతురుకు పట్టి చూసి,
నన్ను చూసి,
గంట తాడు గుంజిండు.
నాలుగు కిలోమీటర్లు నడిచిన,
చెప్పు తెగితే చేతుల పట్టుకోని.
పోయేసరికి పరీక్ష సగమైంది.
ఎన్నేండ్లు తిట్టుకున్ననో, మా గోర్‌బోలిల,
గొంతు దాటకుండ.
ఇప్పుడు ఆయన నావల్ల కాదని తల అడ్డం ఊపిన దినాన
"ఇంకొక్క చుట్టు" అంటున్నప్పుడు
నా గొంతుల మాట్లాడేది ఎవరో
నాకే తెలియదు.

నాలుగో వారం అలివేలమ్మ
ఇంట్ల దొరికిన పాత టికెట్ల కట్ట తెచ్చింది.
గులాబి, ఆకుపచ్చ కాగితాలు,
మిషన్లు రాకముందటివి.
అడుగుకొకటి నేలకు అంటించిన.
మొదటిదాని ముంగట నిలబడి సారు
నంబరు చదువుతున్నట్టు చాలాసేపు వంగి చూసిండు.
తొక్కలేదు.
టికెట్టు తొక్కుడు ఆయనకు చేతకాదనుకుంట.
దాటిండు.
కాలు ఎత్తి దాటిండు!
కొడవలి తిరగలేదు, మోకాలు వంగింది.

వెనుక ఉన్న నేను
అనుకోకుండ, ఆయన మాటనే ఆయనకు,
"ముందుకు జరగాలె సార్, ముందుకు జరగాలె" అన్న.

ఆగిండు.
అద్దంల నుంచి నా దిక్కు చూసిండు.
సగం మొహం నవ్వింది, సగం వెనుకబడ్డది.
నోరు రెండుసార్లు తెరిచి మూసిండు.
ఎడమ చెయ్యి కడ్డీని విడిచి
పైన లేని తాడును గుంజింది.
"రై" అన్నడు.
తర్వాత తేటగ, డిపో అంత వినేటట్టు,
"రైట్ రైట్!"

అలివేలమ్మ బయట బెంచీ మీదికెళ్లి ఉరికొచ్చింది.
మూడో టికెట్టు కాడ ఆయన తూలిండు,
నేను పట్టీ గుంజి నిలబెట్టిన,
ముగ్గురం కాసేపు ఎవరిని ఎవరు పట్టుకున్నమో
తెలియకుండ నిలబడ్డం.

మర్నాడు మళ్ళ "బా"నే.
కాని చక్రాల కుర్చీని
గడప అవతలనే ఆపించిండు,
తన స్టేజీ వచ్చినట్టు.