జావలో ఉప్పంత

గ్రీన్ అంచుకి ఇవతల, తడి గడ్డిలో బంతి.
అక్కణ్ణించి జెండా పన్నెండు అంగలు.
పొద్దున్నే లేచి గడ్డి కోసే నాకు
ఈ పన్నెండు అంగల మీద ఇంత తగువేమిటో
మొదట్లో అర్థమయ్యేది కాదు.

దీవి మొత్తానికీ ఒక్కటే మైదానం, తొమ్మిది గుంతలు.
సగం గొర్రెలది, సగం గాలిది.
మిగిలింది మనుషులది, అంటే
టోర్కిల్ మెక్కాస్కిల్‌ది, ఇషబెల్ మోరిసన్‌ది.

ఆయన పడవల వడ్రంగి.
ఒంట్లో రసమట్టం దాచుకున్నట్టు నిలబడేవాడు.
"చిప్ అంటే చేతుల పని.
మోకాలు కదిలిందా, పోయింది.
నడుము తిరిగిందా, అది ఆట కాదు, పెళ్ళిలో చిందు."

ఆమె ముప్పై ఏళ్ళు ఫెర్రీలో మోకు విసిరిన మనిషి.
"డెక్ మీద మోకాళ్ళు బిగించినవాడు
సముద్రంలో ఉంటాడు, టోర్కిల్.
ఒళ్ళు ఆగిపోయి చేతులొక్కటే వెళ్తే
మణికట్టు కంగారుపడి నేలని తవ్వుతుంది.
ఛాతీని కొంచెం జెండా వైపు పోనీ."
"కొంచెమంటే?"
"జావలో ఉప్పంత."
"కొలత చెప్పు."
"నీ మొహం."

ఇద్దరి బంతులూ గుంత పక్కకే చేరేవి.
తగువు మాత్రం ఎక్కడికీ చేరేది కాదు.

నాకో సంగతి తెలుసు. చెప్పలేదు.
ఆయన తెల్లారకుండానే వచ్చి ఆడి పోయేవాడు.
వెనకే నేను మిషన్ తోసుకుంటూ వెళ్తే
మంచు పట్టిన గడ్డిలో ఆయన బూట్లు కనిపించేవి.
ఎడమది కుదురుగా, అచ్చు పోసినట్టు.
కుడిది మడమ లేచి, మునివేళ్ళ మీద రవ్వంత తిరిగి,
ఎవరో పిలిస్తే తల తిప్పినట్టు.
కదలనన్న మనిషి కదలిక అది.
చెబితే ఆగిపోతుందేమోనని భయం.

ఫిబ్రవరిలో ఒక రాత్రి ఆయన కుడి పక్క పడిపోయింది.
హెలికాప్టర్ వచ్చి తీసుకెళ్ళింది.
మే నెలలో తిరిగొచ్చాడు,
చేతికర్ర, కాస్త మందమైన మాట.
బంతి పెట్టమన్నాడు. పెట్టాను.

ఇప్పుడు నిజంగానే కదల్లేదు.
మోకాలు లేదు, నడుము లేదు,
చేతులు రెండూ దిక్కులేకుండా బయల్దేరాయి.
బంతికి జానెడు వెనక మట్టి లేచింది.
రెండోది నెత్తిన తగిలి, గ్రీన్ దాటి, గొర్రెల్లోకి పోయింది.
గొర్రెలు జరిగాయి.
మేం జరగలేదు.

ఇషబెల్ ఏదైనా అనొచ్చు. అనలేదు.
వెనక్కి వెళ్ళి, గ్లవ్ తీసి,
ఆయన రెక్కల మధ్య అరచెయ్యి ఆనించింది.
చంటిది నిద్రపోయిన గది తలుపు
మూసేటప్పుడు నెడతామే, అంతే నెట్టింది.
మడమ లేచిందా?
లేచిందనే అనుకుంటాను. గోరంత.
బంతి ఎగిరి, పడి, దొర్లి
గుంతకి చాలా దూరంలో ఆగింది.

"ఉప్పు సరిపోయిందా?" అందామె.
"నన్ను ఉప్పు మానెయ్యమన్నారు డాక్టర్లు,"
ఒక్కో మాటనీ నేల మీద ఆనిస్తూ అన్నాడు.
కాసేపాగి,
"వాళ్ళకేం తెలుసు. ఇంకోటి పెట్టు."

మర్నాడు ఆ చోటు వెతికాను.
ఎడమ ముద్ర ఉంది, పక్కన కర్ర పొడిచిన గుంట.
కుడిది సరిగా తెలియలేదు, రాత్రి వాన పడింది.
అయినా బ్లేడు పైకెత్తి
చుట్టూ తిరిగి వెళ్ళాను.

అక్కడ దోసెడు గడ్డి ఎందుకు పెరిగిందని
కమిటీవాళ్ళు అడిగారు.
మిషన్ పాడైందన్నాను.