ఎర్రగడ్డ కింద ఎర్రగీత

చిత్తూరు బెల్లం మండీకి ఎదురుగా
మెట్ల కింద నా డీటీపీ అంగడి.
ఎర్రగడ్డ అని కొడితే ఎర్రగీత.
ఉర్లగడ్డ, ఎర్రగీత.
చెనిక్కాయలు మూడు మూటలు, బాకీ ఉండాది:
బిల్లంతా చీమలు కుట్టినట్టు ఎరుపు.
తెర మింద చూసిన దొరసామి మొదలారి
"ఏం మే, ఇన్ని తప్పులా?" అనె.
తప్పు నాది కాదు మామా. నీదీ కాదు.

తప్పులు పట్టే ఆ నిఘంటువు
రంగరాజు సారు కట్టింది.
పైసా తీసుకోలా. తాళం వెయ్యలా.
"ఇది మీది. విప్పండి, మార్చండి, పంచండి" అని
మొదటి పుటలోనే రాసినాడు.
అది చదివిన పొద్దు
కీబోర్డుకు పసుపూ కుంకుమా పెట్టాలనిపించింది నాకు.

నూట పన్నెండు మాటలు పంపిస్తి.
మామిడికాయల కాలం పోయింది,
గుజ్జు ఫ్యాక్టరీల వాసన పోయింది,
చెరుకు గానుగలు మొదలైనాయి.
అప్పుడొచ్చింది జవాబు, రెండే ముక్కలు:
ప్రామాణికం కాదు.

అంతలో పెద్దోళ్ళకు పడలా.
తిరపతిలో సభ. వేదికకు ఆ కొసన సారు,
ఈ కొసన విద్యాధరం గారు.
తాళంచెవి ఎవరి చేతిలో ఉండాలని రగడ,
తాళమే లేదని చెప్పుకున్న ఇంటికి!
మాట మీద మాట, శాలువా మీద శాలువా.
చెంగల్రాయుడు రెండు కాయితాలు పట్టుకోని వచ్చి
"నువ్వు ఏ పక్క మే?" అనె.
అప్పటికే సంతకాలు పెట్టినోళ్ళలో
సగం మంది ఆ నిఘంటువులో
ఒక్క కొమ్ము దిద్దినోళ్ళు కాదు.
కాయితాలు అటూ ఇటూ తిప్పి చూస్తి.
ఆ పక్కా ఉల్లిపాయే.
ఈ పక్కా ఉల్లిపాయే.

సంతకం పెట్టలా.
తిరిగొచ్చే బస్సులో
పూతలపట్టు దాటేదాకా నా మీద నాకే కోపం.
విప్పమన్నది ఆయనే గదా,
మళ్ళా ఆయన తలూపాలని
ఎనిమిది నెల్లు ఎందుకు కాచుకుంటి?

ఆ రాత్రి షట్టరు సగం దించి
నిఘంటువుకు నకలు తీస్తి.
నా నూట పన్నెండూ చేరిస్తి.
తప్పు పడింది, మళ్ళా చేస్తి,
కరెంటు పోయింది, మళ్ళా చేస్తి.
పైన సారు పేరు అట్నే ఉంచితి.
ఆయనవి ఎనబై వేలు.
ఆ లెక్క మరిస్తే నాకు సంగటి పుట్టదు.
కోర్టు కాడ దస్తావేజులు రాసే గంగులప్పకు ఒక కాపీ,
బంగారుపాళెం బళ్ళో టీచరమ్మకు ఒక కాపీ,
పెన్‌డ్రైవు తెచ్చినోళ్ళకల్లా ఒక కాపీ.

చీలిక అన్నారు. ద్రోహం అన్నారు.
సారు ఏమీ అనలా,
అదే ఎక్కువ కుట్టింది.
చెంగల్రాయుడు రెండు వారాలు మొగం తిప్పుకున్నాడు.
మూడో వారం బిల్లుబుక్కులకని వచ్చి
తెర పక్క చూసి
"ఎర్రగడ్డ కింద గీత పోయిందే!" అని నవ్వె.

నిన్న బంగారుపాళెం నుంచి చీటీ వచ్చింది,
టీచరమ్మ పిల్లోళ్ళ నోళ్ళల్లో నుంచి ఏరిన మాటలు.
పదమూడు ఎక్కిస్తి. పద్నాలుగోది:
అంబటేళ.
ఏందీ మాట?
ఈ టౌన్లో పుట్టి పెరిగిందాన్ని, ఎప్పుడూ వినలా.
వేలు డిలీట్ మిందికి పోయింది.
ప్రామాణి...
నోటి దాకా వచ్చేసింది.
కూర్చోనున్న ప్లాస్టిక్ కుర్చీని వంగి చూస్తి.
ఇది ఇంత ఎత్తు ఎప్పుడయింది?

లేచి రోడ్డు దాటి మండీలోకి పోతి.
బెల్లం బుట్టలు దించి
ఈగలు తోలుకుంటా కుప్పమ్మవ్వ
గిన్నె మూత తీస్తా ఉండాది.
"అవ్వా, అంబటేళ అంటే ఏంది?"
ఎండను చూపించె. గిన్నెలో అంబలిని చూపించె.
"ఇదే మే," అనె.
"కూసో."